ముందుగా చదివే మనిషి

తబూక్ విశ్వవిద్యాలయం నుంచి వెలువడే పరిశోధన పత్రాలు కొన్ని తిరగేస్తే, చివర కృతజ్ఞతల పేరాలో గ్రాంటు సంఖ్య కనిపిస్తుంది. అందులో 1440, 1441 వంటి అంకెలుంటాయి. అవి హిజ్రీ సంవత్సరాలు. పరిశోధనకు సొమ్ము ఏ ఏడాది మంజూరైందో చెబుతాయి. వెనక్కి వచ్చి మొదటి పేజీలో రచయితల వరుస చూస్తే, అరబ్బు పేర్ల మధ్య భారతీయుల పేర్లు, వాటిలో అక్కడక్కడా మన తెలుగువాళ్ల పేర్లు తగులుతాయి.

సౌదీ అరేబియా వాయవ్య మూలన, రాజధాని రియాద్ కన్నా జోర్డాన్ సరిహద్దుకే దగ్గరగా ఉండే ఊరు తబూక్. డమాస్కస్ నుంచి మదీనాకు వేసిన హిజాజ్ రైలు పట్టాలు 1906లో ఇక్కడికి చేరాయి. ఆ పాత స్టేషను ఇప్పుడు మ్యూజియం. విశ్వవిద్యాలయం వయసు మాత్రం చిన్నది, 2006లో పుట్టింది. వేగంగా పెరిగే కొత్త విశ్వవిద్యాలయానికి బయటి దేశాల అధ్యాపకులు కావాలి. కంప్యూటర్లు, ఫార్మసీ, వైద్యం, గణితం, రసాయన శాస్త్రం చెప్పడానికి అలా వెళ్లినవాళ్లలో మన జిల్లాలవాళ్లూ ఉన్నారు.

గల్ఫ్ అనగానే మన పత్రికలు ఏజెంట్ల మోసాల గురించి, వలస కూలీల కష్టాల గురించి రాస్తాయి. అవి రాయాల్సినవే, ఇంకా ఎక్కువ రాయాల్సినవే. అక్కడే సాయంత్రం క్లాసులు ముగించుకుని, పిల్లల హోంవర్కు చూసి, రాత్రి తొమ్మిది దాటాక సగంలో ఆగిన పేపర్‌ను మళ్లీ తెరిచే అధ్యాపకుడి గురించి ఎవరూ రాయరు. అతని కాంట్రాక్టు ఏటా పునరుద్ధరించాలి. ఎన్ని పేపర్లు పడ్డాయో లెక్క చెప్పాలి. సౌదీ డిజిటల్ లైబ్రరీ పుణ్యమా అని జర్నళ్లకు కొరత లేదు, కావలసిన వ్యాసం నిమిషంలో తెర మీదికి వస్తుంది. కొరత మరోచోట ఉంది. రాసింది చదివి, 'ఇక్కడ నాకు అర్థం కాలేదు' అని చెప్పే తోటి మనిషి దొరకడు. శాఖలో ఒక్కొక్కరిది ఒక్కో దేశం, ఒక్కో విషయం. అందరూ తమ తమ లెక్కల్లో మునిగి ఉంటారు. అలాంటి చోట ఆ పత్రాన్ని తొలిసారి శ్రద్ధగా చదివేది, జర్నల్ తరఫున పరిశీలించే, ముక్కూ మొహం తెలియని రివ్యూయర్. ఎక్కడో ఉంటాడు, పేరు చెప్పడు, జీతం తీసుకోడు. కానీ చదువుతాడు.

ప్రకాశం జిల్లా నుంచి వెళ్లి అక్కడ రసాయన శాస్త్రం చెబుతున్న మిత్రుడొకరు, తన పేపర్ మీద వచ్చిన రివ్యూను నాకు చూపించారు. తబూక్ ప్రాంతపు పొలాలకు ఎక్కువగా నీళ్లిచ్చేది సాక్ అనే ఇసుకరాయి పొర. వేల ఏళ్ల కిందట భూమిలోకి ఇంకిన నీరు అది. తోడితే మళ్లీ నిండేది చాలా తక్కువ. ఆయన పేపర్ ఆ ప్రాంతపు బావి నీళ్లలో లవణాల గురించి. ఉపోద్ఘాతం నీరు సకల జీవరాశికి ఆధారమన్న మాటతో మొదలై, ప్రపంచ జలసంక్షోభం మీదుగా పేజీన్నర నడిచాక గాని తబూక్‌కు చేరలేదు. మన దగ్గర తయారయ్యే పేపర్లు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. రివ్యూయర్ ఆ పేజీన్నరనూ ఒక్క గీతతో తీసేయమన్నాడు. ఆ తర్వాత అడగడం మొదలుపెట్టాడు. మోటారు వేసిన వెంటనే సీసా పట్టారా, గొట్టంలో నిలిచిన పాత నీరంతా పోయేదాకా ఆగారా? లోహాల పరీక్షకు పట్టిన సీసాల్లో ఆమ్లం కలిపారా? ఎన్ని రోజులకు పరీక్ష చేశారు? నాలుగో పట్టికలో ధన అయాన్ల మొత్తానికీ రుణ అయాన్ల మొత్తానికీ తేడా అయిదు శాతం లోపు ఉండాలి కదా, ఈ రెండు బావుల దగ్గర అంత తేడా ఎందుకు వచ్చింది?

ఆ చివరి ప్రశ్న దగ్గర మిత్రుడు ఆగిపోయారట. పాత ఫైలు తీసి చూస్తే, లీటరుకు మిల్లీగ్రాముల్లో ఉన్న రెండు విలువలు మార్చకుండానే మిల్లీ ఈక్వివలెంట్ల గడిలోకి వచ్చేశాయి. రచయితలు నలుగురు. నలుగురూ ఆ పట్టికను చూసినవాళ్లే. ఆ తప్పు పట్టుకున్నది అయిదో మనిషి.

ఆ నలుగురిలో చిన్నవాడు వరంగల్ కుర్రాడు. రివ్యూ చదివి నొచ్చుకున్నాడు. "అన్నా, వీడెవడో మన మీద కక్షగట్టినట్టున్నాడు. వేరే జర్నల్‌కి పంపేద్దాం" అన్నాడట. దానికి మిత్రుడు, "కక్షగట్టినవాడు నాలుగో పట్టికదాకా రాడు తమ్ముడూ. రెండు ముక్కలు రాసి పక్కన పడేస్తాడు. ఈయన కూర్చుని కూడి చూశాడు" అన్నారు. ఆ వారమంతా ఇద్దరూ కూర్చుని జవాబులు రాశారు. ప్రశ్న ఒక రంగులో, జవాబు మరో రంగులో, పత్రంలో ఎక్కడ ఏం మార్చారో వరుస సంఖ్యతో సహా. ఆ జవాబుల ఫైలు అసలు పేపర్ కన్నా బాగుంది. అందులో ఉపోద్ఘాతాలు లేవు. ఒక మనిషి అడిగాడు, ఇంకో మనిషి చెప్పాడు.

పేపర్ రాయడమంటే మొదటినుంచీ ఆ జవాబుల ఫైలులా రాయడమేనని నాకు అనిపిస్తుంది. ఎవరో అడుగుతారని తెలిసి, అడగకముందే చెప్పడం.

రివ్యూ రాగానే నొచ్చుకోవడం చిన్నవాళ్లకే పరిమితం కాదు. 1936లో ఐన్‌స్టీన్, నేథన్ రోజెన్‌తో కలిసి గురుత్వ తరంగాలు లేవని వాదించే పత్రాన్ని ఫిజికల్ రివ్యూ అనే జర్నల్‌కు పంపారు. సంపాదకుడు జాన్ టేట్ దాన్ని ఒక నిపుణుడికి పంపించాడు. పది పేజీల విమర్శ వచ్చింది. అచ్చుకాకముందే తన పత్రాన్ని మరొకరికి చూపించడానికి తాను అనుమతించలేదని ఐన్‌స్టీన్ కోపంగా ఉత్తరం రాసి, పత్రం వెనక్కి తీసుకున్నారు. ఆ రివ్యూయర్ చెప్పిందే నిజమని తర్వాత తేలింది. 1937లో మరో జర్నల్‌లో ఆ పత్రం వచ్చేసరికి దాని ముగింపు మారిపోయింది. రివ్యూ రాసినది హోవర్డ్ రాబర్ట్‌సన్ అని జర్నల్ పాత రికార్డుల వల్ల లోకానికి తెలిసింది 2005లో. అప్పటికి ఇద్దరూ పోయి దశాబ్దాలైంది. అసలు ఇలా బయటివాళ్ల చేత చదివించడం అన్ని జర్నళ్లలో పాతుకున్నది ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలోనే. 1665లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ లండన్‌లో తొలి సైన్స్ జర్నల్ నడిపినప్పుడు ఏది అచ్చువేయాలో ఎక్కువగా ఆయనే తేల్చుకునేవాడు. నేచర్ పత్రిక కూడా ప్రతి పత్రానికీ రివ్యూ తప్పనిసరి చేసింది 1973లోనే.

మిత్రుడి పేపర్ నీళ్ల గురించి కాబట్టి మరో పేపర్ గుర్తుకొస్తోంది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు, నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పుడు ఆ జిల్లాలోవే. పళ్లు గారపట్టి, వెన్ను బిగుసుకుపోయి, నడుము వంగిపోయిన మనుషులను అక్కడివాళ్లు అంతకుముందు తరాలనుంచీ చూస్తూనే ఉన్నారు. కర్మ అన్నారు, వాతం అన్నారు, ఊరికి పట్టిన శాపం అన్నారు. తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ అని కాగితం మీద పెట్టినది అలాంటి పత్రాలే. ఊరు, బావి, మనిషి వయసు, ఎముక స్థితి, నీటిలో ఫ్లోరైడ్ కొలత పక్కపక్కన పెట్టి చెబితే, దాన్ని పట్టుకుని తర్వాతివాళ్లు ముందుకు పోగలిగారు. నల్లగొండ దాకా, పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే స్థిరపడేదాకా. ఆ సమస్య ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అది వేరే సంపాదకీయం. కానీ ఆ పత్రంలో ఏ ఊరి బావో, ఎంత ఫ్లోరైడో లేకుండా నీటి ప్రాముఖ్యం గురించి పేజీన్నర మాత్రమే ఉండి ఉంటే, తర్వాతివాళ్లు పట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

పద్ధతుల విభాగాన్ని మనవాళ్లు చివర్న, అలసిపోయాక రాస్తారు. నిజానికి పేపర్‌లో అన్నిటికన్నా ఎక్కువకాలం బతికేది అదే కావచ్చు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరి, పొట్టకూటికి ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ చదువుకున్నారు. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో ఒక పత్రం వేశారు. రక్తం, మూత్రం వంటి వాటిలో ఫాస్ఫరస్ ఎంత ఉందో నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతి అది. ఇరవై ఆరు పేజీలు. కొత్త సిద్ధాంతం ఏదీ అందులో లేదు. ఏ రసాయనం ఎంత, ఏ వరుసలో, ఎంతసేపు ఆగాలి, ఏది కలిస్తే రంగు చెడుతుంది అని ఓపికగా చెప్పడమే ఉంది. దాన్ని చదివి, సుబ్బారావు ముఖం ఎప్పుడూ చూడనివాళ్లు, ఎక్కడెక్కడి లాబుల్లోనో చేసి చూశారు, అదే నీలిరంగు వచ్చింది. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ గురించి 1927లో, ఏటీపీ గురించి 1929లో వాళ్లిద్దరూ రాయగలిగారు. బయోకెమిస్ట్రీ విద్యార్థులు తరతరాలుగా ఫిస్కే–సుబ్బారో పద్ధతి అని చదువుకుంటున్నది దాన్నే.

సుబ్బారో అన్న పేరు చూశారా, ఎల్లాప్రగడ పోయింది. సబ్మిట్ చేసే రాత్రి తబూక్‌లోనైనా తిరుపతిలోనైనా తెలుగువాడు మొదట తడబడేది ఆ గడుల దగ్గరే: మొదటి పేరు, చివరి పేరు. మన ఇంటిపేరు ముందుంటుంది, అదీ చాలామందికి ఒక్క పొడి అక్షరంగా. ఒక పేపర్‌లో కె. శ్రీనివాసరావు, మరోదాంట్లో రావు కె. ఎస్., ఇంకోదాంట్లో పాస్‌పోర్టులో ఉన్నట్టు పూర్తి పేరు. సూచికల్లో ఆయన ముగ్గురు మనుషులవుతాడు. ఒకడి కష్టం ముగ్గురి ఖాతాల్లో పడుతుంది, లేదా అదే పేరున్న మరొకరి ఖాతాలో చేరుతుంది. 2012 నుంచి ఇస్తున్న పదహారు అంకెల ఆర్కిడ్ సంఖ్య ఈ చిక్కుకు మందు. పరిశోధన మొదలుపెట్టిన రోజే తీసుకోవాలి, ఒకటే తీసుకోవాలి. ఇది చిన్న విషయమే కానీ మన పిల్లలకు చెప్పేవాళ్లు లేరు.

పేర్ల దగ్గర ఇంకో సంగతి ఉంది, అది చిన్నది కాదు. ఎవరి పేరు ఉండాలి? వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ దీనికి నాలుగు షరతులు పెట్టింది. పని రూపకల్పనలోనో, వివరాల సేకరణలోనో, విశ్లేషణలోనో గట్టి పాలు ఉండాలి. రాయడంలోనో సరిదిద్దడంలోనో చెయ్యి ఉండాలి. చివరి ప్రతిని చూసి ఒప్పుకోవాలి. తర్వాత ఎవరు ఏం అడిగినా జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండాలి. నాలుగూ ఉంటేనే రచయిత. మన శాఖల్లో పెద్దవారి పేరు మర్యాదగా చేర్చడం ఉంది, పదోన్నతి దగ్గరపడిన స్నేహితుడి పేరు సాయంగా చేర్చడం ఉంది. మర్యాదా, సాయమూ మంచివే. కానీ రచయితల వరుస వాటిని చూపించుకునే చోటు కాదు. ఆ వరుసలో పేరున్న ప్రతివాడూ నాలుగో పట్టికకు పూచీ. పనిచేసిన విద్యార్థి పేరు మూడో స్థానానికి జారిపోయినప్పుడు ఆ పిల్లకో పిల్లవాడికో కలిగే బాధ, మొదటి పేపర్‌తోనే పరిశోధన మీద నమ్మకం చెరిపేస్తుంది. అది నేను చూశాను.

మిగతా తతంగం త్వరగానే అయిపోతుంది. సారాంశం చాలా జర్నళ్లలో రెండు వందల యాభై మాటలు దాటకూడదు. బొమ్మలు అడిగినంత స్పష్టంగా ఉండాలి. కాపీ ఉందేమో సాఫ్ట్‌వేర్‌తో చూసుకోవాలి, డేటా ఎక్కడ దొరుకుతుందో చెప్పాలి, మనుషుల మీదో జంతువుల మీదో పరిశోధన అయితే నైతిక కమిటీ అనుమతి సంఖ్య ఇవ్వాలి. ఏఐ యంత్రం సాయంతో ఇంగ్లిష్ దిద్దుకుంటే దిద్దుకున్నామని చెప్పాలి. రచయితగా యంత్రం పేరు పెట్టడానికి వీల్లేదని జర్నళ్లు 2023 నుంచీ స్పష్టంగా చెబుతున్నాయి. జవాబుదారీ వహించలేనిది రచయిత కాలేదు కనుక. ఎడిటర్‌కు రాసే ఉత్తరం దగ్గర మాత్రం కాస్త ఆగాలి. అర పేజీలో, ఈ పని ఎందుకు చేశాం, ఏం తేలింది, మీ పాఠకులకు ఇది ఎందుకు కావాలి అని చెప్పాలి. ఆ అర పేజీ రాయలేకపోతే పేపర్ ఇంకా పూర్తికానట్టే. ఎంతోమంది ఆ ఉత్తరం మొదలుపెట్టాకే తమ పేపర్ దేని గురించో తమకు తెలియలేదని గ్రహిస్తారు.

ఆ తర్వాత నిరీక్షణ. విత్ ఎడిటర్ అని నాలుగు వారాలు, అండర్ రివ్యూ అని నాలుగు నెలలు. తబూక్ చలికాలపు ఉదయాల్లో, కాలేజీకి బయలుదేరే ముందు ఫోన్‌లో ఆ ఒక్క మాట మారిందేమో చూసుకోవడం అలవాటైపోతుందని మిత్రుడు చెప్పారు. చాలావాటికి రివ్యూ దాకా కూడా వెళ్లకుండానే, మా పరిధికి సరిపడదని రెండు వాక్యాల్లో తిరస్కారం వస్తుంది. అదీ ఒకందుకు మేలే. ఆర్నెల్లు నాన్చి కాదనడం కన్నా వారంలో కాదనడం మర్యాద.

ఈ నిరీక్షణలో ఉన్నవాడికే వల వేస్తారు. గౌరవనీయులైన ప్రొఫెసర్ గారూ, మీ విశిష్ట పరిశోధన చూసి ముగ్ధులమయ్యాం, మీ తదుపరి పత్రం మాకు పంపండి, పది రోజుల్లో ప్రచురిస్తాం అని మెయిల్ వస్తుంది. ఫీజు సంగతి అంగీకారం వచ్చాక గాని తెలియదు. ఈ వ్యాపారం గురించి మాట్లాడేటప్పుడు తెలుగువాళ్లం దూరంగా నిలబడి మాట్లాడలేం. హైదరాబాద్ కేంద్రంగా పెరిగిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 ఆగస్టులో కేసు వేసింది. సమీక్ష జరుగుతుందని చెప్పి సరిగా జరపడం లేదని, ఒప్పుకోనివారిని సంపాదక వర్గంలో చూపిస్తున్నారని, ఫీజులు దాస్తున్నారని ఆరోపించింది. సంస్థ కాదంది, పోరాడింది. 2019 మార్చిలో నెవాడా కోర్టు కమిషన్ వాదనతో ఏకీభవించి అయిదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించమంది. అప్పీలు కూడా 2020లో వీగిపోయింది.

డబ్బు పోవడం గురించి అందరూ మాట్లాడతారు. నా బాధ వేరు. డబ్బు తీసుకుని చదవకుండా అచ్చేసేవాడు రచయిత నుంచి తీసేసుకునేది ఆ అయిదో మనిషిని. మిత్రుడి పేపర్ అలాంటి చోటికి వెళ్లి ఉంటే పది రోజుల్లో వచ్చేసేది, నాలుగో పట్టికలోని రెండు తప్పు విలువలతో సహా. ఆ అంకెలను నమ్మి మరొకరు లెక్క వేసేవారు. వరంగల్ కుర్రాడు పేపర్ రాయడమంటే ఇంతేనని నేర్చుకునేవాడు. తర్వాత అతని విద్యార్థులకు అదే నేర్పేవాడు.

ఇది ఒక్క హైదరాబాద్ సమస్యే అనుకుంటే పొరపాటు. యూజీసీ 2018 మేలో తన ఆమోదిత జాబితా నుంచి 4,305 జర్నళ్లను ఒక్కసారిగా తీసేసింది. అంతకు ముందు వాటిని చేర్చిందీ ఆ సంస్థే. తర్వాత నమ్మదగిన జర్నళ్ల కోసం కేర్ జాబితా వచ్చింది, 2025లో అదీ ఆపేసి నిర్ణయం విశ్వవిద్యాలయాలకే వదిలింది. మరోవైపు, పేరున్న ప్రచురణకర్తలూ జారిపడ్డారు. వైలీ సంస్థ 2021లో కొన్న హిందావీ జర్నళ్ల నుంచి 2023 ఒక్క ఏడాదిలోనే 8,000కు పైగా పత్రాలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ప్రత్యేక సంచికల్లోకి పేపర్లు తయారుచేసి అమ్మే ముఠాలు చొరబడ్డాయి, రివ్యూలు కూడా వాళ్లే రాసుకున్నారు. ఆ ఏడాది చివర నేచర్ పత్రిక చేసిన విశ్లేషణలో, రెండు దశాబ్దాల్లో లక్షకు పైగా పత్రాలు ప్రచురించిన దేశాల్లో, ఉపసంహరణల నిష్పత్తి అన్నిటికన్నా ఎక్కువ సౌదీ అరేబియాకే ఉందని తేలింది: పదివేలకు సుమారు 30. ఆ దేశంలో నిజాయితీగా పనిచేసే అధ్యాపకుడికి, అతను సౌదీవాడైనా తెలుగువాడైనా, ఈ అంకె ఎంత బరువో ఊహించవచ్చు. అక్కడి నుంచి పేపర్ వచ్చిందంటేనే ఎడిటర్ ఒక క్షణం ఎక్కువ అనుమానంగా చూస్తాడేమోనని మిత్రుడి దిగులు. దేశం పేరు చూసి అనుమానించడం అన్యాయం. కాంట్రాక్టులూ పదోన్నతులూ పేపర్ల లెక్క మీద ఆడుతున్నంతకాలం ఆ అన్యాయానికి సాకులు పుడుతూనే ఉంటాయి.

లెక్క అనగానే మన లెక్కా చూసుకోవాలి. యూజీసీ 2018 నిబంధనల్లో అధ్యాపకుల పరిశోధన స్కోరుకు ఒక్కో పత్రానికి సైన్స్‌లో 8, హ్యుమానిటీస్‌లో 10 పాయింట్లు. ఇతరుల పత్రాన్ని వారం రోజులు కూర్చుని చదివి, పట్టికలు కూడి చూసి, మూడు పేజీల రివ్యూ రాసినందుకు ఆ పట్టికలో గడే లేదు. పీహెచ్‌డీ ఇవ్వడానికి ముందే జర్నల్‌లో పేపర్ పడాలన్న నిబంధనను 2022లో తీసేశారు. అది మంచి పని. తొందరలో ఉన్న విద్యార్థులే దొంగ జర్నళ్లకు పెద్ద గిరాకీ. పరిశోధన, ప్రచురణ నైతికత మీద రెండు క్రెడిట్ల కోర్సు కూడా పీహెచ్‌డీ విద్యార్థులకు తప్పనిసరి చేశారు. ఆ కోర్సులో నిర్వచనాలు చెప్పి పరీక్ష పెడితే ఉపయోగం కొద్దిగా ఉంటుంది. ఒక అసలు పేపర్‌ను, దాని మీద వచ్చిన అసలు రివ్యూను, దానికి రాసిన జవాబును, చివర అచ్చయిన ప్రతిని నాలుగూ పక్కపక్కన పెట్టి చదివిస్తే ఉపయోగం ఎంతో ఎక్కువ. ప్రతి శాఖలోనూ ఏదో ఒక సీనియర్ కంప్యూటర్‌లో అలాంటి నాలుగు ఫైళ్లుంటాయి.

ఎక్కడ అచ్చయిందన్నది ఎంతవరకు ముఖ్యం అన్న ప్రశ్నకు మనకు ఒక మంచి జవాబు ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్లిన కల్యంపూడి రాధాకృష్ణారావు, అక్కడ క్లాసులో గణాంకవేత్త ఫిషర్ ఫలితం ఒకటి చెబుతుండగా, పరిమిత నమూనాలకు ఇది వర్తిస్తుందా అని ఒక విద్యార్థి అడిగాడు. ఆ విద్యార్థి తర్వాత ఆర్థికవేత్తగా పేరుపొందిన వి. ఎం. దండేకర్. రావు ఇంటికి వెళ్లి ఆ ప్రశ్న మీదే కూర్చున్నారు. దాన్నుంచి పుట్టిన పత్రం 1945లో బులెటిన్ ఆఫ్ ది కలకత్తా మేథమెటికల్ సొసైటీలో వచ్చింది. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. క్రామర్–రావు హద్దు, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం దాంట్లోవే. 2023లో, నూటరెండేళ్ల వయసులో, ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చినప్పుడు ప్రధానంగా చెప్పింది ఈ పత్రం గురించే. ఈ రోజు ఒక యువ అధ్యాపకుడు ఇలాంటి ఫలితాన్ని ఒక స్థానిక సంఘం బులెటిన్‌కు పంపితే, ఆ జర్నల్ ర్యాంకుల్లో ఏ క్వార్టైల్‌లో ఉంది అని అడుగుతారు. క్లాసులో ప్రశ్న అడిగే విద్యార్థీ, దాన్ని ఇంటిదాకా మోసుకెళ్లే అధ్యాపకుడూ, జాగ్రత్తగా నడిపే స్థానిక జర్నలూ ఒకచోట చేరితే ఏమవుతుందో ఆ పదకొండు పేజీలు చూపించాయి. అలాంటి జర్నల్ ఒకటి మన విశ్వవిద్యాలయాలు శ్రద్ధగా నడపగలవా అంటే, నడపగలవనే నా నమ్మకం. సంపాదకుణ్ని రాజకీయాలకు లొంగకుండా పదేళ్లు కుర్చీలో ఉండనిస్తే.

చదవడానికి జర్నళ్లు లేవన్న మాట కూడా ఇక చెల్లదు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన ఒకే దేశం ఒకే చందా పథకం కింద 6,300 ప్రభుత్వ సంస్థలకు దాదాపు 13,000 జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. తబూక్ మిత్రుడికి ఉన్న సదుపాయమే కర్నూలు, నల్లగొండ ప్రభుత్వ సంస్థల విద్యార్థికీ వచ్చింది. రెండుచోట్లా ఇప్పుడు కావలసింది రాసినదాన్ని చదివే మనుషులు.

అందుకు ప్రభుత్వ ఉత్తర్వులు అక్కర్లేదు. ఆంధ్ర, ఉస్మానియా, కాకతీయ, శ్రీ వేంకటేశ్వర, ఏ విశ్వవిద్యాలయమైనా, ఒక్క శాఖ మొదలుపెట్టినా చాలు. నెలకు ఒక పేపర్, జర్నల్‌కు పంపకముందు. శాఖలో ఒకరు, పక్క శాఖలో ఒకరు, మూడోవారు దూరదేశంలో పనిచేసే మనవాళ్లలో ఒకరు. ముగ్గురూ ముందే చదివి, ప్రశ్నలు కాగితం మీద రాసుకుని రావాలి. పొగడ్తలు, సన్మానాలు వద్దు. రాసిన విద్యార్థి ఎదురుగా కూర్చుని జవాబు చెప్పాలి, చెప్పలేనిచోట గుర్తుపెట్టుకోవాలి. గైడ్ ఆ గంటసేపు మాట్లాడకుండా వినాలి. తబూక్‌లో ఉన్నవాళ్లు ఇందుకు సిద్ధంగానే ఉన్నారని మిత్రుడు అంటున్నారు. వాళ్లకూ తమ పేపర్లు చదివేవాళ్లు కావాలి, ఆ బదులు ఇక్కడివాళ్లు తీర్చవచ్చు. అక్కడ శుక్ర, శనివారాలు సెలవు. శనివారం ఇక్కడ సాయంత్రం నాలుగైతే అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఆ వేళకు ఇద్దరికీ వీలవుతుంది.